పెంకుపురుగుల పాత పటాలు

1505వ సంవత్సరంలో జర్మనీ దేశీయుడైన ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు ఒక పెంకుపురుగు బొమ్మను గీశాడు. జింక కొమ్ములను పోలిన దవడలు గల పురుగు అది. దాని క్రింద పడే నీడను కూడా చిత్రించడం వల్ల, పురుగు ఎక్కడినుండో నడచివచ్చి కాగితం మీద ఒక్క క్షణం ఆగినట్లు కనిపిస్తుంది. అమెరికాలోని గెట్టీ మ్యూజియంలో ఆ చిత్రం నేటికీ భద్రంగా ఉన్నది. అల్పప్రాణిగా ఎంచబడిన ఒక పురుగును, రాజుల ముఖాలను చిత్రించినంత శ్రద్ధతో చిత్రించిన తొలి ఉదాహరణలలో అది ఒకటి.

ఇంతటి చిత్రాన్ని ఒక రైతు ముందు ఉంచి, దీనివల్ల మీకేమి తెలిసినదని అడిగితే ఆయన ఏమి చెప్పగలడు? పురుగు రూపం తెలిసిందంటాడు. అది ఎక్కడ గ్రుడ్లు పెడుతుందో, పిల్లదశలో ఎట్లా ఉంటుందో, ఏ మొక్కను ఏ భాగాన ఏ ఋతువులో తింటుందో ఆ పటం చెప్పదు. వ్యవసాయ శాఖవారి కార్యాలయాలలో గోడలకు వ్రేలాడే కీటకాల పటాలలో ఈ విషయాలన్నీ ఉంటాయి. డ్యూరర్ చిత్రం నుండి ఆ గోడపటం దాకా రావడానికి సుమారు నాలుగు వందల సంవత్సరాలు పట్టినది. అందమైన బొమ్మ ఉపయోగపడే బొమ్మగా ఎట్లా మారినదో, ఆ మార్పులో మనం నేర్చుకొనవలసినది ఏమున్నదో ఈ వ్యాసంలో వివరిస్తాను.

పురుగులు బురదనుండి, పేడనుండి, క్రుళ్ళిన పదార్థాలనుండి తమంతట తామే పుడతాయనే నమ్మకం ఒకప్పుడు అన్ని దేశాలలోనూ ఉండేది. పండితులు కూడా దీనికి మినహాయింపు కాదు. ఇటలీలో ఫ్రాన్చెస్కో రెడీ 1668లో ప్రకటించిన ప్రయోగాలలో, గుడ్డ కప్పిన పాత్రలోని మాంసంలో పురుగులు పుట్టవనీ, ఈగ వచ్చి గ్రుడ్లు పెడితేనే పుడతాయనీ నిరూపించాడు. అంతకు పూర్వం చాలామంది దృష్టిలో గొంగళిపురుగు వేరు, సీతాకోకచిలుక వేరు. పేడకుప్పలోని తెల్లని పురుగు వేరు, దీపం చుట్టూ ఎగిరే నల్లని పెంకుపురుగు వేరు. రెండూ ఒకే ప్రాణి అని తెలియనివాడు రెంటినీ ఒకే పటంలో ఎందుకు చేరుస్తాడు?

మన తూర్పుదేశాలలో పురుగుల బొమ్మలు లేకపోలేదు. 13వ శతాబ్దికి చెందిన అల్ ఖజ్వీనీ రచించిన సృష్టి వింతల గ్రంథంలో పక్షులు, మృగాలతోబాటు ఉర్దూలో మనం హషరాత్ అని పిలిచే కీటకాలకు కూడా చోటున్నది. ఆ గ్రంథాన్ని శతాబ్దాల తరబడి బొమ్మలతో ప్రతులు వ్రాసుకొన్నారు. జహంగీర్ చక్రవర్తి ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ కాశ్మీరంలో నూటికి పైగా పుష్పాలను చిత్రించినట్లు చక్రవర్తి స్వయంగా వ్రాసుకొన్నాడు. అంతటి నిశితమైన చూపు, అంతటి హస్తకౌశలం మన దేశంలో ఉండేవి. అయితే చిత్రకారుని పోషించేది దర్బారు. దర్బారుకు గులాబీతో, డేగతో ఉన్న పని వంగతోటలోని పురుగుతో లేదు.

ఈ పరిస్థితిని మార్చినవారిలో మొదట చెప్పవలసినది ఒక స్త్రీ పేరు. మరియా సిబిల్లా మెరియన్ 1647లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించింది. పదమూడేండ్ల ప్రాయంలోనే పట్టుపురుగులను పెంచి, వాటి దశలను గమనించసాగింది. 1679లో ఆమె గొంగళిపురుగుల రూపవిక్రియను గూర్చి యాభై పటాలతో ఒక గ్రంథం ప్రకటించింది. ఆ పటాలలో పురుగు ఒంటరిగా ఉండదు. అది తినే మొక్క ఉంటుంది. ఆ మొక్క ఆకుమీదనే గ్రుడ్లు, డింభకం, ప్యూపా, రెక్కల పురుగు అన్నీ ఉంటాయి. కొరికిన ఆకు కొరికినట్లే కనిపిస్తుంది. ఒక ప్రాణి జీవితమంతా ఒకే పుట మీద కనులకు కట్టేటట్లు చేయడం చిన్న విషయం కాదు. నెలల తరబడి చూస్తేగాని తెలియనిదాన్ని పాఠకుడు ఒక్క చూపులో గ్రహిస్తాడు.

1699లో, యాభై రెండవ యేట, ఆమె తన చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని దక్షిణ అమెరికాలోని సూరినాం అనే డచ్చి వలసకు ఓడలో బయలుదేరింది. అక్కడి తోటల యజమానులు చక్కెర తప్ప మరొక వస్తువును వెదకుతున్నందుకు తనను ఎగతాళి చేశారని ఆమె వ్రాసింది. జబ్బుపడి 1701లో తిరిగివచ్చి, 1705లో అరవై పటాల మహాగ్రంథాన్ని ఆమ్‌స్టర్‌డాంలో ప్రచురించింది. దాని మొదటి పటం అనాసపండు. ఆ పండు మీద బొద్దింకలు! వంటింటి శత్రువును గ్రంథం గుమ్మంలోనే నిలబెట్టడం ఆమె స్వభావాన్ని తెలుపుతుంది. పొరపాట్లు లేకపోలేదు. ఒక జాతి పురుగు తలలోనుండి వెలుగు వస్తుందని ఆమె వ్రాసినది నిజం కాదు. తాను చూచినంతవరకు ఆమె సాక్ష్యం చాలవరకు నిలిచినది. విన్నదాన్ని కలిపినచోట తడబడినది.

ఆమె తరువాతివారిలో ఇద్దరిని మాత్రం పేర్కొంటాను. న్యూరెంబర్గ్ నగరానికి చెందిన రోజెల్ ఫాన్ రోజెన్‌హోఫ్ సూక్ష్మచిత్రకారుడు. ఆయన 18వ శతాబ్ది మధ్యకాలంలో పురుగుల పటాలను నెలనెలా సంచికలుగా ప్రకటించాడు. నేలలో సంవత్సరాల తరబడి వేళ్ళను తింటూ పెరిగే వేరుపురుగునూ, వసంతంలో బయటికి వచ్చి ఆకులు తినే పెంకుపురుగునూ ఒకే ప్రాణి దశలుగా ఆయన చూపించాడు. రెండవవాడు హాలెండులో స్థిరపడిన న్యాయవాది పియేర్ లియొనే. ఆయన విల్లో చెట్టు మానును తొలిచే ఒక గొంగళిపురుగును కోసి, అందులో నాలుగు వేలకు పైగా కండరాలను లెక్కించి, 1760లో స్వయంగా చెక్కిన పటాలతో ప్రకటించాడు. ఒక చెట్టుతొలిచే పురుగుకు అంతటి శరీరశాస్త్ర గ్రంథం వెలువడటం ఆ రోజుల్లో చదువరులకు ఆశ్చర్యం కలిగించింది. ఈనాడు చూచినా ఆ పటాలు ఆశ్చర్యకరమైనవే.

ఈ పటాలు తయారయ్యే విధానం తెలిస్తే వాటి విలువ మరింత బోధపడుతుంది. చిత్రకారుడు గీసిన బొమ్మను రాగిరేకు మీద సన్నని ఉలితో గీతలుగా చెక్కేవారు. గీతలలో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితాన్ని ఒత్తితే అచ్చు పడేది. కుడిఎడమలు తారుమారవుతాయి గనుక చెక్కేవాడు ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి. అచ్చు నలుపులో పడుతుంది. రంగులు చేతితో వేయాలి. ఒక మాదిరి ప్రతిని ఎదుట ఉంచుకొని, వందలాది ప్రతులకు కుంచెతో రంగులు పూసేవారు. ఈ పని చేసినవారిలో స్త్రీలు, పిల్లలు ఎక్కువ. వారి పేర్లు పటాల మీద ఉండవు. ఒకే గ్రంథపు రెండు ప్రతులలో ఒకే పురుగు రెండు ఛాయలలో కనిపించడానికి కారణం ఇదే. 19వ శతాబ్దిలో రాతి అచ్చు, పిమ్మట రంగుల రాతి అచ్చు వచ్చిన తరువాత ఈ శ్రమ క్రమంగా తగ్గినది.

పెంకుపురుగును గీయడంలో కొన్ని మర్యాదలు ఏర్పడినవి. వెలుతురు ఎప్పుడూ ఎడమవైపు పైనుండి పడుతున్నట్లు గీస్తారు. కాబట్టి నీడను చూచి ఎక్కడ ఉబ్బెత్తు, ఎక్కడ పల్లం అన్నది తెలుసుకోవచ్చు. కొన్ని పటాలలో ఒకవైపు పెంకురెక్క మూసి, రెండవవైపు తెరచి, దానిక్రింద మడచియున్న పలుచని రెక్కను చూపుతారు. నిజానికి ఏ పురుగూ అట్లా కూర్చోదు. పురుగును పెద్దదిగా గీసినప్పుడు ప్రక్కన ఒక చిన్న గీత ఉంటుంది. అది అలంకారం కాదు; పురుగు అసలు పొడవు అంతే అని అర్థం. విద్యార్థులు సాధారణంగా గమనించకుండా వదలివేసేది ఈ గీతనే. బియ్యంలోని ముక్కుపురుగును పటంలో బొటనవ్రేలంత చూచినవాడు బియ్యపుగింజంత పురుగును డబ్బాలో గుర్తించాలంటే ఆ గీతే ఆధారం.

పంటపురుగుల పటాలు ప్రత్యేక శాఖగా వృద్ధిపొందినది 19వ శతాబ్దిలో. ఇంగ్లండులో జాన్ కర్టిస్ 1824 నుండి 1839 వరకు 770 పటాలతో బ్రిటిష్ కీటకాల గ్రంథమాలను వెలువరించాడు. తరువాత పొలం పురుగుల వైపు దృష్టి మళ్ళించి, 1860లో వాటిపై ఒక గ్రంథం ప్రచురించాడు. జీవితమంతా భూతద్దంతో గడిపిన ఆయనకు చివరి సంవత్సరాలలో చూపు పోయినది. ఎలియనార్ ఆర్మరాడ్ అనే విదుషీమణి 1877 నుండి రైతులకు, తోటమాలులకు ప్రశ్నపత్రాలు పంపి, వచ్చిన సమాధానాలతో ఏటేటా సచిత్ర నివేదికలు ప్రకటించింది. సోదరి జార్జియానా బొమ్మలు గీయడంలో తోడ్పడింది. 1900లో ఎడింబరో విశ్వవిద్యాలయం ఎలియనార్‌కు గౌరవ డాక్టరేటు నిచ్చినది. అక్కడ ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే.

అమెరికాలో పరిస్థితి ఇంకా తీవ్రం. అడవి మొక్కలను తిని బ్రతికే ఒక చారల పెంకుపురుగుకు 1824లో థామస్ సే పేరు పెట్టాడు. అప్పుడది ఎవరికీ పట్టని పురుగు. 1859 ప్రాంతంలో అది బంగాళాదుంప పైరు రుచి మరిగి, 1874 నాటికి అట్లాంటిక్ తీరానికి చేరినది. మిస్సోరీ రాష్ట్ర కీటక శాస్త్రజ్ఞుడు చార్లెస్ రైలీ స్వహస్తంతో గీసిన బొమ్మలలో ఆ పురుగునూ, దానిని పోలిన మరొక నిరపాయకరమైన పురుగునూ ప్రక్కప్రక్కన ఉంచి, కాలి రంగులో, రెక్క చారలలో భేదం చూపించాడు. ఇక్కడ ఒక విచిత్రం చెప్పక తప్పదు. ఆ పురుగును చంపడానికి రైతులు చల్లిన పారిస్ గ్రీన్ అనే పొడి అంతకుముందు చిత్రకారులు ఆకుపచ్చ రంగుగా వాడుకొన్నదే. రాగి, పాషాణం కలిసిన విషం అది.

ఇక మన దేశం సంగతి. తరంగంబాడిలో ఉండిన కోనిగ్ అనే వైద్యుడు పంపిన ఎన్నో పురుగులకు ఐరోపాలో ఫాబ్రీషియస్ అనే శాస్త్రజ్ఞుడు పేర్లు పెట్టాడు. కోనిగ్ మన చెదపురుగులను గూర్చి కూడా వ్రాశాడు. తెలుగుదేశానికి సంబంధించినంతవరకు సామర్లకోట పేరు చెప్పుకోవాలి. అక్కడ నివసించిన విలియం రాక్స్‌బరో లక్కపురుగును గూర్చి పంపిన లేఖ 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలోని మూడు వందల పటాలకు మూలచిత్రాలు గీసినవారు మన దేశపు చిత్రకారులు. ఆ గ్రంథం మొదటి సంపుటం 1795లో వెలువడినది. గ్రంథం మీద రాక్స్‌బరో పేరున్నది. కుంచె పట్టినవారి పేర్లు లేవు. ఐరోపాలో రంగులు పూసినవారికి పట్టిన గతే వీరికీ పట్టినది.

1905లో బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధనాలయం ఏర్పడిన తరువాత పంటపురుగుల అధ్యయనం ఒక క్రమంలో సాగినది. మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1906లో, 1909లో భారతదేశపు కీటకాలపై గ్రంథాలు వ్రాశాడు. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాలను గూర్చి రచించిన సచిత్ర గ్రంథం 1914లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయినది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే గనుక ఆ గ్రంథంలో మన పొలాల పురుగులే ఉన్నవి. 1940లో టి. వి. రామకృష్ణ అయ్యర్ దక్షిణ భారతానికి మరొక చక్కని కరదీపిక నిచ్చారు.

1911లో పూసానుండి సి. సి. ఘోష్ ప్రకటించిన ఒక రచన కొబ్బరి కొమ్ముపురుగు, ఎర్రముక్కు పురుగుల జీవితచరిత్రకు సంబంధించినది. కొమ్ముపురుగు ఉదాహరణ చాలు, ఈ పటాల ప్రయోజనం తేటతెల్లం కావడానికి. 1758లోనే లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం ఇచ్చాడు. తలమీద ఖడ్గమృగపు కొమ్మువంటి కొమ్ము ఉండటం వల్ల చిత్రకారులకు అది ఇష్టమైన వస్తువు. అయితే ఎంత అందంగా కొమ్ము గీసినా కొబ్బరితోట యజమానికి లాభం లేదు. పెద్దపురుగు రాత్రివేళ చెట్టు మొవ్వులోనికి తొలుచుకొనిపోయి, ఇంకా విచ్చుకోని ఆకును నములుతుంది. కొన్నాళ్ళకు ఆ ఆకు విచ్చుకొన్నప్పుడు కత్తెరతో కోసినట్లు కనిపిస్తుంది. తోటవాడు పైకి చూచి బాధపడతాడు. కాని పురుగు పుట్టినది పైన కాదు; తోట మూలనున్న పెంటకుప్పలో! అక్కడ అరచంద్రాకారంగా ముడుచుకొన్న లావుపాటి తెల్లని డింభకం ఎరువును తింటూ నెలల తరబడి పెరుగుతుంది. దానిని చూచినవాడు ఎరువు పురుగే గదా అని వదలివేస్తాడు.

ఈ రెండింటినీ కలిపే బొమ్మ కావాలి. పటం పైభాగంలో కత్తిరించిన మట్ట, క్రింది భాగంలో పెంటకుప్ప, మధ్య గ్రుడ్డు, డింభకం, ప్యూపా, పెంకుపురుగు ఉంటే, చదువురాని కూలివానికి కూడా ఎరువును తిరగవేసి డింభకాలను ఏరివేయాలని బోధపడుతుంది. ఇనుపకొక్కెంతో మొవ్వులోని పురుగును లాగడం ఒక్క పురుగును చంపడమే. పెంటకుప్పను శుభ్రపరచడం ఒక తరాన్ని ఆపడం. ఈ పురుగు 1909లో సింహళం నుండి రబ్బరు మొక్కలతోబాటు సమోవా దీవులకు చేరి అక్కడి కొబ్బరిని పాడుచేసినది. మలయాలో 1963లో హ్యూగర్ కనుగొన్న ఒక వైరస్‌ను 1967లో సమోవాలో వదలిన తరువాతనే దాని ఉధృతి తగ్గినది. డింభకానికి ఆ వైరస్ సోకుతుందని తెలియడానికి ముందు, డింభకం ఎవరిదో తెలియాలి గదా.

మరొక ఉదాహరణ మన కూరతోటలోనిది. అక్షింతల పురుగు అనే పేరు తెలుగువారందరికీ తెలిసినదే. అయితే ఆ పేరుతో మనం మిత్రుణ్ణీ శత్రువునూ కూడా పిలుస్తున్నాం. ఏడు చుక్కల అక్షింతల పురుగు పేనుబంకను తిని పైరును కాపాడుతుంది. ఇరవై ఎనిమిది చుక్కల ఎపిలాక్నా పురుగు వంగ ఆకులోని పచ్చని పదార్థాన్ని గీకి తిని, ఆకును జల్లెడ చేస్తుంది. దానికి ఫాబ్రీషియస్ 1775లో పెట్టిన పేరులోనే చుక్కల సంఖ్య ఉన్నది. పటంలో చూస్తే మొదటిదాని వీపు నున్నగా మెరుస్తుంది. రెండవదాని వీపు సన్నని నూగుతో మసకగా ఉంటుంది. డింభకాలలో భేదం మరీ స్పష్టం. మిత్రునిది పొడవుగా, నల్లబూడిద రంగులో, చురుకైన కాళ్ళతో ఉంటుంది. శత్రువుది పసుపుపచ్చగా, కొమ్మలు చీలిన ముళ్ళతో, ఆకుకు అంటుకొని ఉంటుంది. మందు చల్లేవాడు ఈ భేదం తెలియక రెంటినీ చంపితే పేనుబంకకు పండుగే. 1888-89 సంవత్సరాలలో కాలిఫోర్నియా నారింజతోటలను పిండిపురుగుల నుండి రక్షించినది ఆస్ట్రేలియానుండి తెచ్చిన ఒక అక్షింతల పురుగేనన్నది చరిత్ర ప్రసిద్ధం.

ప్రసంగవశాత్తు ఒక మాట. తొలకరిలో నేలమీద కుంకుమరంగు మఖ్మల్ ముద్దలా నడిచే ఆరుద్ర పురుగును ఉర్దూలో బీర్ బహూటీ అంటారు. పెరిగిన ఆరుద్ర పురుగును సరిగా గీసిన బొమ్మలో కాళ్ళు లెక్కించండి, ఎనిమిది ఉంటాయి. అది కీటకమే కాదు, సాలెపురుగుల బంధువు.

ఇప్పుడు ప్రతివారి చేతిలోనూ ఛాయాచిత్రం తీసే ఫోను ఉన్నది, ఇంకా ఈ బొమ్మలెందుకని కొందరు అడుగుతారు. ఛాయాచిత్రం ఒక పురుగును, ఒక వెలుతురులో, ఒక క్షణంలో చూపుతుంది. ముందు కాలు స్పష్టంగా ఉంటే వెనుక కాలు మసకబారుతుంది. చిత్రకారుడు పది పురుగులను పరీక్షించి, వాటన్నిటికీ సమానమైన లక్షణాలను ఒక బొమ్మలో కూరుస్తాడు. కొత్త జాతులను వర్ణించే శాస్త్రజ్ఞులు నేటికీ గీతబొమ్మలను విడువకపోవడానికి కారణం ఇదే.

ఇందులో విద్యార్థులకు మరొక ముఖ్య విషయం ఉన్నది. పురుగును గీయడమంటే దానిని చూడటమే. స్పర్శశృంగంలో ఎన్ని కణుపులు ఉన్నవో గీయబూనేదాకా మనం లెక్కించము. దురదృష్టవశాత్తు, అనేక కళాశాలల జంతుశాస్త్ర ప్రాక్టికల్ రికార్డులలో బొమ్మలు పురుగును చూచి గాక, గడచిన సంవత్సరపు రికార్డును చూచి గీయబడుతున్నవి. ఆ రికార్డు అంతకు ముందటి సంవత్సరపు రికార్డుకు నకలు. తన్మూలంగా కాళ్ళు వక్షంనుండి జారి ఉదరానికి చేరుతున్నవి! డ్యూరర్ పెంకుపురుగును చూచి గీశాడు. అది ఈనాటికీ నిలిచినది. ఆయనే 1515లో, గుజరాతునుండి లిస్బన్ చేరిన ఖడ్గమృగాన్ని కనులార చూడకుండా, ఇతరుల వర్ణనను బట్టి గీశాడు. వీపు మీద లేని కొమ్మొకటి మొలిచినది. ఆ బొమ్మను చూచి గీసినవారు రెండు శతాబ్దాలకు పైగా ఆ కొమ్మును తీసివేయలేదు.

మనవంటి కళాశాలల ప్రయోగశాలలలో గుడ్డ అంటించి, కర్రలు తొడిగిన పాత పటాలు బీరువాల పైన చుట్టచుట్టి పడి ఉండటం కద్దు. మడతలలో చిరిగినవని వాటిని పాతకాగితాల వానికి ఇవ్వరాదని కళాశాల కమిటీ పెద్దలకు మనవి. ఎండ తగలని చోట పరచి, రామబాణపు పురుగు చేరకుండా చూచి, ఒక్కొక్కదానికి సంఖ్య వేసి, ఛాయాచిత్రం తీయించి ఉంచితే ఖర్చు స్వల్పం. ప్రపంచ గ్రంథాలయాలు కలసి 2006లో ప్రారంభించిన బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ మూలంగా, ఇటువంటి ప్రాచీన గ్రంథాల పుటలను వేల సంఖ్యలో ఉచితంగా కంప్యూటరులో చూడవచ్చు.

ఇక మెరియన్ పద్ధతిలో ఒక పటం గీయదలచిన విద్యార్థికి సూరినాం దాకా పోవలసిన పని లేదు. గుప్పెడు పుచ్చిన పెసలను గాజుసీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి ఉంచాలి. పుచ్చుపురుగు గింజ పైననే తెల్లని గ్రుడ్లను అతికిస్తుంది. డింభకం లోపలనే తిని పెరిగి, అక్కడనే ప్యూపాగా మారి, సుమారు నెల రోజులలో రెక్కల పురుగై బయటికి వస్తుంది. మూడునాలుగు రోజుల కొకసారి ఒక గింజను చీల్చి భూతద్దంతో చూచి గీస్తే, నెల తిరిగేసరికి ఒక పుట నిండుతుంది. ప్రక్కన అసలు పొడవు చూపే గీత వేయడం మరువరాదు. పురుగు బయటికి వచ్చిన గుండ్రని రంధ్రంతో ఖాళీ గింజ మిగులుతుంది; దానిని కూడా పటంలో చేర్చాలి.